ఒకే పరీక్ష, వేర్వేరు ఇళ్లు: గది వేడి, కరెంటుతో సహా మన పీసీలు పోల్చుకుందాం

తుంగభద్ర (కర్నూలు), 4 మే 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ ఫోరమ్‌లో పీసీ సెటప్‌ల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా పార్టుల పేర్లు చెప్పుకుని ఊరుకుంటున్నాం. ఈసారి అందరం ఒకే పరీక్ష పెట్టి, మన మన గదుల్లో వచ్చిన అంకెలు రాద్దాం. సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సాఫ్ట్‌వేర్), మల్టీకోర్, అంటే అన్ని కోర్లూ కలిపి, 10 నిమిషాల పరుగు. స్కోరుతో పాటు గదిలో వేడి ఎంత, ప్రాసెసర్ ఎంతకు చేరింది, గోడ ప్లగ్గు దగ్గర ఎన్ని వాట్లు లాగింది, ఇవి కూడా కావాలి. ప్లగ్గు మీటరు లేకపోతే వాట్లు వదిలేయండి.

నాది: రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాంతోపాటు వచ్చిన కూలరే, బీ550 బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ (ఒకే స్టిక్), ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. మా తాతగారి హరికథల క్యాసెట్లు ఇందులోకి ఎక్కించి శుభ్రం చేస్తుంటాను. పాత ఫొటోలు, తిరునాళ్ల వీడియోలు కలిపి ఒక్కో కథను వీడియోగా చేస్తున్నాను.

మధ్యాహ్నం 3 గంటలకు గది 39 డిగ్రీలు. ప్రాసెసర్ 90కి చేరి అక్కడే నిలబడింది. స్కోరు 9,380, మీటరు 118 వాట్లు. డిసెంబరులో ఇదే మెషీన్ 10,900 ఇచ్చింది.

ఇంకో బాధ కూడా ఉంది. వారంలో రెండుసార్లు వీడియో రెండర్ (తుది వీడియో తయారయ్యే పని) మధ్యలో పీసీ ఒక్క క్షణం ఆరిపోయి, దానంతటదే మళ్లీ ఆన్ అయింది. తాతగారి గొంతు ఉన్న ఫైళ్లు ఎక్కడ పాడవుతాయోనని టెన్షన్‌గా ఉంది. వేడి వల్లేనా?

ఉప్పుగాలి (విశాఖపట్నం), 4 మే, రాత్రి 10:25

మంచి పని మొదలుపెట్టారు. నాది ఐ5 12400ఎఫ్, విడిగా కొన్న టవర్ కూలర్, ఆర్‌ఎక్స్ 6600, 8 జీబీ స్టిక్కులు రెండు. గది 33, ప్రాసెసర్ 68, స్కోరు 12,250, మీటరు 125.

వేడి విషయంలో మీకంటే మేం నయమే, కానీ మా ఇంటి నుంచి సముద్రం కిలోమీటరు కూడా ఉండదు. ఉప్పుగాలికి కేసు స్క్రూలు రెండేళ్లలో తుప్పు పట్టాయి. పోయిన వానాకాలం ఒకరోజు పీసీ ఆన్ అయింది కానీ తెర మీదకు బొమ్మ రాలేదు. గ్రాఫిక్స్ కార్డు పోయిందనుకుని రెండు రోజులు తిండి సయించలేదు. 12400ఎఫ్‌లో లోపల గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి కార్డు తీసేసి చూసే వీలు కూడా లేదు. చివరికి ర్యామ్ స్టిక్కులు తీసి, బంగారు పూత ఉన్న అంచును మెత్తటి పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెడితే వచ్చింది. ఇప్పుడు ఆర్నెల్లకోసారి ఇదే పని చేస్తున్నా. సముద్రం పక్కన ఉండేవాళ్లు రాసి పెట్టుకోండి.

పాత_బంగారం (హన్మకొండ), 5 మే, ఉదయం 6:15

నాది ఆఫీసులవాళ్లు తీసేసిన సెకండ్ హ్యాండ్ మెషీన్. ఐ7 4790, 2014 నాటిది. 16 జీబీ డీడీఆర్3, కార్డు లేదు, సాటా ఎస్ఎస్‌డీ. రోజూ వాడేది విండోస్ కాదు, లైనక్స్ మింట్. ఈ పరీక్ష కోసం ఇంకో డిస్కు మీదున్న విండోస్ 10 తెరిచిన.

గది 37, స్కోరు 4,750, మీటరు 95. వేడి మాత్రం రెండుసార్లు కొలిచిన. మొదట 93 వచ్చింది. కూలర్ తీసి చూస్తే ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పదేళ్ల కింది పేస్ట్ ఎండి పెచ్చులు లేస్తున్నది. కొత్తది పెట్టినంక 76. ఖర్చు మూడు వందలు.

విండోస్ 10కి 2025 అక్టోబరు 14 వరకే మద్దతు, ఈ ప్రాసెసర్‌ను విండోస్ 11 తీసుకోదు. అందుకని దీన్ని పారేయాల్సిన పని లేదు. పిల్లలకు పాఠాలు తయారు చేసుకోవడం, తెలుగు టైపింగ్, బ్రౌజర్, అన్నీ మింట్‌లో హాయిగా నడుస్తున్నయ్.

ప్రవాసి97 (డల్లాస్), 5 మే

రైజెన్ 7 9700ఎక్స్, 32 జీబీ డీడీఆర్5 6000, ఆర్‌టీఎక్స్ 4070. గది ఏసీలో 24, ప్రాసెసర్ 77, స్కోరు 19,900, గోడ దగ్గర 150 వాట్లు.

ఈ అంకెలు చూసి నాది చల్లగా ఉందనుకోకండి. ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేయండి. నాది 53, విశాఖ 35, హన్మకొండ 39. అంటే మీ అందరికంటే నా కూలరే ఎక్కువ కష్టపడుతోంది. నా పీసీని అలాగే తీసుకెళ్లి కర్నూలు గదిలో పెడితే 92కి పోతుంది. పార్టుల సమీక్షలు ఎక్కువగా ఏసీ గదుల్లో చేసినవే. మన ఊళ్లలో ఉండేవాళ్లు అందులోని వేడి అంకెకు మరో పదిహేను కలుపుకుని చూడాలి.

బుల్లిడబ్బా (గుంటూరు), 5 మే, మధ్యాహ్నం 2:10

నాది అరచేతిలో పట్టే మినీ పీసీ. ఇంటెల్ ఎన్100, 16 జీబీ, 1 టీబీ ఎస్ఎస్‌డీ. స్కోరు 2,750. నవ్వుకోకుండా మీటరు చూడండి: పరీక్ష నడుస్తుంటే 19 వాట్లు, ఖాళీగా ఉంటే 8.

ఒక్కో వాటుకు ఎంత స్కోరు వచ్చిందో లెక్క వేశాను. నాది 145, ప్రవాసి గారిది 133, విశాఖ 98, కర్నూలు 79, హన్మకొండ 50. డల్లాస్ మెషీన్ అంత పెద్దదై ఉండి కూడా నా డబ్బాకు దగ్గరగా వచ్చిందంటే కొత్త ప్రాసెసర్లు కరెంటును ఎంత పొదుపుగా వాడుతున్నాయో చూడండి.

ఇది 24 గంటలూ ఆన్‌లోనే ఉంటుంది. ఇంట్లో అందరి ఫోన్ల ఫొటోలు రాత్రిపూట ఇందులోకి వచ్చేస్తాయి. 8 వాట్ల లెక్కన నెలకు ఆరు యూనిట్లు కూడా కాలదు. పెద్ద పీసీ ఖాళీగా 55 వాట్లు లాగుతుందనుకుంటే అదే పనికి దాదాపు 40 యూనిట్లు. ఫైళ్లు దాచడం కోసం మాత్రమే పెద్ద మెషీన్‌ను రాత్రంతా ఆన్‌లో ఉంచేవాళ్లు ఒకసారి ఆలోచించండి.

మా ఇల్లు మిర్చి యార్డు వైపు. సీజన్‌లో గాలిలోనే కారం ఉంటుంది, ఆ దుమ్ము జిడ్డుగా పట్టుకుంటుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకండి.

పార్క్‌లేన్ (సికింద్రాబాద్), 5 మే, రాత్రి 11:05

కర్నూలు అన్నా, మీ సమస్య మీదకు వస్తా. ఇక్కడి కంప్యూటర్ షాపుల సముదాయం చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ పదిహేనేళ్లుగా తిరుగుతున్నా, స్నేహితులకు అసెంబుల్ చేసి ఇస్తుంటా. 5600 పైపరిమితి 90 డిగ్రీలు. అది దాటకుండా వేగం తగ్గించుకుంటుంది, అందుకే స్కోరు పడింది. కానీ వేడికి వేగం తగ్గడం వేరు, పీసీ ఆరిపోవడం వేరు. రెండూ ఒకటే జబ్బు అనుకోవద్దు. నాలుగు విషయాలు చెప్పండి.

పీసీ ఎక్కడ పెట్టారు? యూపీఎస్ ఉందా, ఉంటే ఎన్ని వీఏ (దాని మీద రాసి ఉండే సామర్థ్యం)? ఆరిపోయే ముందు యూపీఎస్‌లో టక్కుమని చప్పుడు వచ్చిందా? వట్టికాళ్లతో నేల మీద నిలబడి కేసు వెనుక స్క్రూ ముట్టుకుంటే జివ్వుమంటుందా?

తుంగభద్ర, 6 మే, ఉదయం 7:30

మీరు మా ఇంటికి వచ్చి చూసినట్టే అడిగారు.

పీసీ కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూ పెట్టే గూట్లో ఉంది. వెనుక చెక్క, వైర్ల కోసం చిన్న రంధ్రం. తలుపు కూడా ఉంది, దుమ్ము పడకుండా మూసే ఉంచుతాం. యూపీఎస్ 600 వీఏ. టక్కుమన్న చప్పుడు రెండుసార్లూ వచ్చింది. జివ్వుమనడం మొదటి నుంచీ ఉంది, అన్ని కంప్యూటర్లకూ ఉంటుందిలే అనుకున్నాం. చిన్నపిల్లలు ముట్టుకోకుండా చూస్తున్నాం.

విండోస్ లోపాలు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని వచ్చింది.

పార్క్‌లేన్, 6 మే, రాత్రి 10:20

41 అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే పీసీ ఆగిపోయిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. కారణం లెక్కలో దొరుకుతుంది.

600 వీఏ యూపీఎస్ మీద సాధారణంగా 360 వాట్లు అని రాసి ఉంటుంది. మీ 3060 నిండుగా నడిస్తే 170. 5600 నిండుగా 76. బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి 40 వేసుకోండి. 286 అయింది. బ్రాంజ్ పవర్ సప్లై నూటికి 85 చొప్పున లోపలికి ఇస్తుంది, మిగతాది వేడి కింద పోతుంది. అంటే గోడ నుంచి 336. మానిటర్ కూడా యూపీఎస్‌కే పెట్టి ఉంటారు, ఇంకో 25. మొత్తం 361.

మామూలుగా కరెంటు యూపీఎస్‌లోంచి నేరుగా వెళ్లిపోతుంది కాబట్టి నడుస్తుంది. వేసవి మధ్యాహ్నం ఊరంతా ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. యూపీఎస్ టక్కుమని బ్యాటరీకి మారుతుంది. సరిగ్గా అప్పుడు మీరు రెండర్‌లో ఉంటే ఆ చిన్న బ్యాటరీ మీద 360 వాట్ల బరువు పడుతుంది. పైగా ఈ తరహా యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చేది గోడ కరెంటులా నున్నటి అల (సైన్ వేవ్) కాదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును ఆ అలకు తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న పవర్ సప్లైలలో కొన్నిటికి అది పడదు. క్షణంపాటు అవుట్‌పుట్ పడింది, పీసీ ఆరింది, కరెంటు రాగానే ఆన్ కావాలని బయాస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) పెట్టి ఉంది కాబట్టి మళ్లీ లేచింది. సినీబెంచ్‌లో ఇది బయటపడదు, అక్కడ కార్డు ఖాళీగా ఉంటుంది.

ఉప్పుగాలి, 6 మే, రాత్రి 10:50

స్టెబిలైజర్ పెడితే సరిపోదా?

పార్క్‌లేన్, 6 మే, రాత్రి 11:15

మంచి పవర్ సప్లైకి స్టెబిలైజర్ అక్కర్లేదు. లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉంటే వోల్టేజీ 170కి పడినా అదే సర్దుకుంటుంది. సర్దుకోలేనిది యూపీఎస్. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే చూడండి, చాలావాటికి వెనుక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. ఆ మోడ్‌లో దాదాపు 10 మిల్లీసెకన్లలో బ్యాటరీకి మారుతుంది. కరెంటు పోయాక పవర్ సప్లై తనలో ఉన్న నిల్వతో కనీసం 16 మిల్లీసెకన్లు నెట్టుకురావాలని పీసీ పవర్ సప్లైలకు ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం. 16 కంటే 10 తక్కువ కాబట్టి పీసీకి తెలియను కూడా తెలియదు. సైన్ వేవ్ ఇన్వర్టరే అయి ఉండాలి.

పాత_బంగారం, 7 మే, ఉదయం 6:00

లేబుల్ చూడమన్న మాట అందరూ పట్టించుకోండి. నా పాత మెషీన్ పవర్ సప్లై మీద 200–240 అని మాత్రమే ఉన్నది. దానికి స్టెబిలైజర్ పెట్టక తప్పలేదు. ఆఫీసు మెషీన్లు కొనేవాళ్లకు ఇంకో జాగ్రత్త: కొన్నిటిలో పవర్ సప్లై కనెక్టరు మామూలు 24 పిన్నులది కాదు. అది పోతే బజారులో ఏదో ఒకటి తెచ్చి పెడదామంటే కుదరదు.

ప్రవాసి97, 7 మే

జివ్వుమనడం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ని, కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే అని నా నమ్మకం.

పవర్ సప్లై లోపల, కరెంటు వచ్చే చోట, వై కెపాసిటర్లు అని రెండు చిన్నవి ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి కేసుకు, ఇంకోటి న్యూట్రల్ నుంచి కేసుకు. లోపల పుట్టే ఎలక్ట్రికల్ రొద బయటకు పోకుండా ఎర్త్‌లోకి పంపడం వాటి పని. గోడలో ఎర్త్ ఉంటే ఆ కొంచెం కరెంటు మూడో పిన్ను గుండా నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే దానికి దారి లేదు. రెండు కెపాసిటర్ల మధ్య కేసు వేలాడుతున్నట్టు అవుతుంది, 230లో సగం దాని మీద నిలుస్తుంది. ఆ కరెంటు చాలా తక్కువ కాబట్టి చురుక్కుమని ఊరుకుంటుంది. కానీ రేపు పవర్ సప్లైలో నిజంగానే ఫేజు కేసుకు తగిలితే ఫ్యూజు కొట్టేయడానికి కూడా దారి ఉండదు. ముట్టుకున్న మనిషే దారి అవుతాడు.

అన్ని కంప్యూటర్లకూ ఉండేది కాదు ఇది. మీ గోడలో ఎర్త్ లేదు. పిల్లలున్న ఇల్లు అన్నారు, దయచేసి ఈ వారమే చూపించండి.

ఒకటి అడగనా? క్యాసెట్ ప్లేయర్ నుంచి రికార్డు చేసేటప్పుడు వెనకాల సన్నగా బుయ్ మని మోత వస్తోందా?

తుంగభద్ర, 7 మే, రాత్రి 9:00

వస్తోంది! క్యాసెట్లు పాతవి కాబట్టి వాటిలోనే ఉందనుకుని ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్‌తో తీసేస్తున్నాను. అది తీస్తే తాతగారి గొంతులో కింది స్థాయి కూడా కొంత పోతోంది. ప్లేయర్ మీద చెయ్యి పెడితే మోత మారడం గమనించాను గానీ ఎందుకో అర్థం కాలేదు.

రేపు ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తున్నా.

పార్క్‌లేన్, 7 మే, రాత్రి 9:35

పిలిచినప్పుడు మీరు పక్కనే ఉండండి అన్నా. కొందరు పని తేలిగ్గా తెమిలిపోవాలని సాకెట్‌లో న్యూట్రల్‌ను, ఎర్త్‌ను చిన్న వైరుతో కలిపేసి జివ్వుమనడం పోయిందంటారు. అది చాలా ప్రమాదం. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే కేసు మీదకు మొత్తం ఫేజు వస్తుంది. నేలలోకి ఎర్త్ వేయించి, అక్కడి నుంచి వైరు లాగించండి. మెయిన్ దగ్గర 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పెట్టిస్తే పిల్లలకు భద్రం.

పీసీని గూట్లోంచి బయట పెట్టండి. కొత్త కూలర్ ఇప్పుడే కొనకండి. ఎప్పుడైనా కూలర్ తీయాల్సి వస్తే ముందు పది నిమిషాలు పీసీ నడిపి పేస్ట్ వేడెక్కనిచ్చి, ఆఫ్ చేసి ప్లగ్గు పీకాక, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. మీది ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు), పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా లాగితే ప్రాసెసర్ కూడా కూలర్‌కు అంటుకుని ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.

అనంత_విద్యార్థి (అనంతపురం), 8 మే, సాయంత్రం 5:20

అన్నలకు, అక్కకు నమస్తే. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. మానిటర్ ఉంది. 55 వేలలో పీసీ కట్టుకోవాలి. బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నా, కొంచెం గేములు. లోపలే గ్రాఫిక్స్ ఉన్న 5600జీ తీసుకుని కార్డు తర్వాత కొనుక్కోమని షాపులో చెప్పారు. సరేనా?

ఉప్పుగాలి, 8 మే, రాత్రి 9:10

కార్డు మొదటిరోజే కొనగలిగితే 5600జీ వద్దు తమ్ముడూ. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, మామూలు 5600కి 32. పీసీఐఈ (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) కూడా మూడో తరానికే ఆగుతుంది. నీ డబ్బుల్లో 5600, 8 జీబీ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 8 జీబీ కార్డు ఒకటి సర్దుకోవచ్చు. బ్లెండర్ ముఖ్యమైతే ఎన్‌విడియా కార్డు చూడు. నా ఆర్‌ఎక్స్ 6600 గేములకు బాగుంటుంది గానీ బ్లెండర్‌లో రెండర్ చేసే సైకిల్స్‌లో, ఆప్టిక్స్ (ఎన్‌విడియా వాళ్ల రెండర్ వేగం పెంచే పద్ధతి) ఉన్న ఆర్‌టీఎక్స్ కార్డుల వేగం దీనికి రాదు.

పార్క్‌లేన్, 8 మే, రాత్రి 9:50

దీనికి ఒప్పుకుంటా, ఒక్క మాట కలుపుతా. పవర్ సప్లై దగ్గర తగ్గించకు. కేసుతో పాటు ఉచితంగా ఇచ్చేది తీసుకోకు. షాపులో ప్రతి పార్టు సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడుగు, వారంటీకి అదే ఆధారం. ర్యామ్ స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టి, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చెయ్. లేకపోతే 3200 ర్యామ్ కూడా 2400కో 2666కో నడుస్తుంది. చాలామంది ఇళ్లలో ఏళ్ల తరబడి అలాగే నడుస్తుండగా చూశా.

బుల్లిడబ్బా, 8 మే, రాత్రి 10:15

తమ్ముడూ, ఉరుములు మొదలైతే పీసీ ప్లగ్గుతో పాటు ల్యాన్ కేబుల్ కూడా పీకెయ్. మా బంధువుల ఇంట్లో ప్లగ్గు తీసి కూర్చున్నారు, పిడుగు నెట్ వైరు గుండా వచ్చి బోర్డును కాల్చేసింది.

తుంగభద్ర, 18 మే, రాత్రి 8:45

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, చెప్పడానికి చాలా ఉంది.

ఎలక్ట్రీషియన్ మల్టీమీటరుతో చూస్తే మా గదిలో మూడో రంధ్రానికి వెనుక వైరే లేదు. పీసీ ప్లగ్గు పెట్టి ఉండగా ఫేజు–ఎర్త్ మధ్య 112, న్యూట్రల్–ఎర్త్ మధ్య 110 చూపించింది. ప్రవాసి గారు చెప్పిన సగం సగం కళ్లారా చూశాను. పెరట్లో గుంత తీసి పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, నీళ్లు పోసి, అక్కడి నుంచి వైరు లాగారు. ఇప్పుడు ఫేజు–ఎర్త్ 226, న్యూట్రల్–ఎర్త్ 1.8. జివ్వుమనడం పోయింది. ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం.

గూడు గురించి. బయటకు తీసే ముందు వంటింటి థర్మామీటరు లోపల పెట్టి తలుపు మూసి పరీక్ష నడిపాను. గది 39 ఉంటే గూట్లో 51. పాపం కూలర్ పీలుస్తున్నది ఆ గాలినే. ఇప్పుడు టేబుల్ పక్కన చిన్న స్టాండు మీద పెట్టాం. గది 40, ప్రాసెసర్ 84, స్కోరు 10,780. ఒక్క పార్టు కూడా మార్చలేదు.

నా ర్యామ్ కూడా 2666 మీదే నడుస్తోంది! అలాంటిదే ఇంకో స్టిక్ తెచ్చి ఎక్స్‌ఎంపీ పెట్టాను. 31 నిమిషాల రెండర్ 28కి దిగింది. పీసీని హాల్లో ఉన్న సైన్ వేవ్ ఇన్వర్టర్ లైనుకు మార్చి యూపీఎస్ మోడ్ వేశాం. పన్నెండు రోజుల్లో మూడుసార్లు కరెంటు పోయింది, పీసీ ఒక్కసారీ ఆగలేదు.

అన్నిటికంటే పెద్ద సంగతి ఆఖరున రాస్తున్నా. ఎర్త్ వేయించాక రికార్డింగులో మోత లేదు. అది క్యాసెట్లలో ఎప్పుడూ లేనే లేదు. శుభ్రం చేసేశాననుకున్న ఆరు క్యాసెట్లూ మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తున్నాను. నిన్న రాత్రి మొదటిది విన్నాం. తాతగారు పల్లవి అందుకునే ముందు గట్టిగా ఊపిరి తీసుకోవడం, చిడతలు సర్దుకోవడం కూడా వినబడ్డాయి. అమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది.

బుల్లిడబ్బా, 18 మే, రాత్రి 9:05

మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. ఆ ఫైళ్లు ఒక్క డిస్కులోనే ఉంచకండి. ఒక కాపీ బయటి హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచండి. కావాలంటే నా డబ్బాలో చోటుంది, ఒక కాపీ ఇక్కడ పెట్టుకుంటాను.

పాత_బంగారం, 19 మే, ఉదయం 6:10

ఇవ్వాళ మా బడిలో కంప్యూటర్ గదికి పోయి ప్లగ్గులన్నీ పరీక్ష చేయిస్తున్నా. పన్నెండు మెషీన్లు ఉన్నయ్ అక్కడ.

అనంత_విద్యార్థి, 27 మే, రాత్రి 11:30

పీసీ నిన్న వచ్చింది. 5600, 8 జీబీ స్టిక్కులు రెండు, సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060, 550 వాట్ల పవర్ సప్లై. గది 36, ప్రాసెసర్ 82, స్కోరు 10,940. ప్లగ్గు మీటరు ఇంకా కొనలేదు. మా రూములో న్యూట్రల్–ఎర్త్ 1.4 వోల్టులు.